సోమయాజులు గారంటే శంకరశాస్త్రి ఒక్కటేనా? ఏ సీన్లు వెయ్యమంటారు?

గంటస్తంభం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఏప్రిల్లో జె.వి. సోమయాజులు గారి వర్ధంతికి మా వీధి లైబ్రరీలో సాయంత్రం పూట చిన్న ప్రోగ్రాం పెడదామనుకుంటున్నాం, ప్రొజెక్టర్ దొరికింది, గంటన్నర టైం ఉంది. ఆయన 2004లో పోయారు కదా, ఇప్పటి పిల్లలకి పేరు చెప్తే తెలీట్లేదు, శంకరాభరణంలో శాస్త్రి గారు అంటే మాత్రం వెంటనే గుర్తుపడుతున్నారు. మా వాళ్ళందరూ శంకరాభరణం పాటలు నాలుగు వేసేస్తే అయిపోతుంది కదా అంటున్నారు. నాకెందుకో అది సరిపోదనిపిస్తోంది, పాటలేస్తే జనం బాలు గారిని, మహదేవన్ గారిని తల్చుకుంటారు, ఈయన నటన పక్కకెళ్ళిపోతుంది. పుట్టింది పక్కనే సికాకుళం జిల్లా లుకలాం అగ్రహారం, నాటకాలేసింది మన ఊళ్ళో, అలాంటాయన్ని మనమే సరిగ్గా తల్చుకోపోతే ఇంకెవరు తల్చుకుంటారు చెప్పండి. మీ మనసులో ఉండిపోయిన సీన్లు ఏవి, ఎందుకు, కొంచెం వివరంగా రాయండి.

వీణ పార్వతి:
తమ్ముడూ, పాటలు వద్దనకు, పాటలోనే ఆయన నటన ఉంది. నేను మన మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నాను, అక్కడ మాకు శంకరాభరణం అంటే రోజూ చర్చే. సామజవరగమన సీన్ వెయ్యి. ఆయన కూతురు శారద హిందోళం రాగంలో స్వరాలు పాడుతూ మనసెక్కడో పెట్టి రిషభం, అంటే రి, వేసేస్తుంది. హిందోళంలో రి ఉండదు, ప కూడా ఉండదు, స గ మ ద ని అంతే. ఆ ఒక్క స్వరం పడగానే ఆయన "శారదా" అని అరుస్తారు చూడు, అక్కడ ఆపి మళ్ళీ వెయ్యి పిల్లలకి. సంగీతం రానివాళ్ళకి కూడా ఏదో ఘోరం జరిగిపోయిందని ఆ ఒక్క కేకతో తెలిసిపోతుంది. కూతురి మీద కోపంలా ఉండదు అది, పూజగదిలోకి ఎవరో చెప్పులతో వచ్చేసినట్టు ఉంటుంది ఆ మొహం. ఇంకో సంగతి, ఆయన పాడింది లేదు, పాడింది బాలు గారు, అయినా గొంతు ఆయన ఛాతీలోంచే వస్తోందని మనం నమ్మేస్తాం. పాత త్యాగయ్యలో నాగయ్య గారు తన పాట తనే పాడుకున్నారు, ఈయనకి ఆ వీలు లేదు, ఇంకొకరి ఊపిరికి తన ఊపిరి కలపాలి, కచేరీల్లో ఆ తాళం వేసే చెయ్యి, గమకం దగ్గర, అదే స్వరాన్ని ఊపి పలికే చోట, కదిలే కనుబొమలు గమనించండి, ఎక్కడా తేడా రాదు.

నాగావళి ఒడ్డు:
పార్వతి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ నా ఓటు సప్తపదికి, 1981 సినిమా, అది కూడా విశ్వనాథ్ గారిదే. మాది సికాకుళం టౌను, మా ఇంట్లో అందరం కలిసి చూసిన సినిమా అది. యాజులు వేషం. నిష్ఠగా ఉండే పెద్దాయన, మనవరాలు హేమని మనవడికిచ్చి పెళ్ళి చేస్తాడు, ఆ కుర్రాడికి భార్యని చూస్తే అమ్మవారే కనిపిస్తుంది, ఆ పిల్ల మనసేమో హరిజన కుర్రాడైన వేణువు వాయించే హరిబాబు దగ్గర ఉంటుంది. ఇదంతా తెలిసాక ఆ ముసలాయన ఏం చెయ్యాలి? అక్కడ సోమయాజులు గారికి పెద్ద పెద్ద డైలాగులు అవసరం లేకపోయింది, లోపల శాస్త్రం ఒకటి చెప్తోంది, కళ్ళెదురుగా ఉన్న పిల్ల బతుకు ఇంకోటి చెప్తోంది, ఆ రెండిటి మధ్యా నలిగిపోవడం మొత్తం ఆ కళ్ళలోనే. ఆఖరికి తనే దగ్గరుండి ఆ పిల్లని హరిబాబుతో పంపిస్తాడు. శంకరశాస్త్రి మొదట్నించీ గొప్పవాడే, యాజులు మాత్రం మన కళ్ళముందే మారతాడు, అలా మారే మనిషిని చూపించడం కష్టం అని నా నమ్మకం. దీనికి జాతీయ సమైక్యత మీద తీసిన సినిమాలకిచ్చే నర్గీస్ దత్ అవార్డు కూడా వచ్చింది. పిల్లలకి ఇది చూపించండి బాబూ, తప్పకుండా.

అయ్యకోనేరు మాస్టారు:
అందరూ సినిమాలే చెప్తున్నారేటి నాయనా, విజయనగరంలో ఉండి గురజాడ వారి కన్యాశుల్కం నాటకం ఊసెత్తకుండా సోమయాజులు గారి ప్రోగ్రాం ఏటి? అసలు శంకరాభరణం వచ్చిన 1980 నాటికి ఆయనకి యాభై దాటాయి, రెవెన్యూలో ఉద్యోగం, డిప్యూటీ కలెక్టరు. సినిమాకి కొత్త గానీ రంగస్థలానికి పాత. తమ్ముడు జె.వి. రమణమూర్తి గారు గిరీశం, ఈయన రామప్పంతులు, ఏళ్ళ తరబడి ఆ నాటకాన్ని ఊరూరా ఆడేరు. మా పెదనాన్నగారు ఆ నాటకాలు చూసిన మనిషి. శంకరాభరణం ఆడుతున్నప్పుడు హాల్లోంచి బయటికొచ్చి ఈయన మన రామప్పంతులేనా అని పదే పదే అడిగేరట. ఎందుకంటే రామప్పంతులు ఎలాటివాడు? దొంగ కాయితాలు, కోర్టు తగువులు, కోతలు, లుబ్ధావధాన్లుకి పెళ్ళి కుదర్చడంలో తన వాటా తను చూసుకునే రకం. ఆ కంటె, అదే మధురవాణి మెడలో నగ, పోయాక ఆవిడ నిలదీసినప్పుడు ఆ మనిషి నీళ్ళు నమలడం ఉంది చూసేరూ, అదీ శంకరశాస్త్రి గాంభీర్యమూ ఒకే ఒంట్లోంచి వచ్చేయంటే అది గదా నటుడంటే. గాంభీర్యం ఆయన పుట్టుకతో వచ్చిందని, పంచె కట్టి నిలబడితే చాలని అనుకునేవాళ్ళున్నారు, వాళ్ళకి జవాబు రామప్పంతులే. తెర మీద వెయ్యడానికి లేకపోతే పుస్తకం పట్టుకుని చదవండి, గురజాడ వారి భాష మన నోటికి ఇంకా తిరుగుతుంది.

వీణ పార్వతి:
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. మీరు రాసింది చదివాక రాత్రిపూట గిటార్లేసుకొచ్చిన కుర్రాళ్ళ సీను గుర్తొచ్చింది నాకు. శాస్త్రి గారు బయటికొచ్చి తిట్టరు, వాళ్ళ పాటే స్వరాలతో అందుకుని పాడి, మీరు ఇది పాడగలరా అన్నట్టు చూస్తారు. ఆ చూపులో చిన్న ఆటపట్టింపు ఉంది, అది నాటకాల్లో నలిగిన మనిషికే వస్తుంది అనిపిస్తోంది ఇప్పుడు. తమ్ముడూ, హిందోళంతో పాటు ఇదీ పెట్టు.

బొబ్బిలి శ్రీను:
బాపు గారి వంశవృక్షం, త్యాగయ్య కూడా ఉన్నాయండీ. నాకు త్యాగయ్య అంత ఎక్కలేదు, నాగయ్య గారిది చూసిన కళ్ళు కదా మా ఇంట్లో అందరివీ, పోలిక వచ్చేస్తుంది. వంశవృక్షం మాత్రం వదలొద్దు. ఇంకోటి, దొరకునా ఇటువంటి సేవ ఆఖర్న వెయ్యండి, పాడుతూ పాడుతూ ఆయన ఒరిగిపోతే కుర్రాడు పాట అందుకుంటాడే, అది చూశాక ఇంక స్పీచులు పెట్టకండి దయచేసి, జనం అలాగే లేచి వెళ్ళనివ్వండి.

గంటస్తంభం కుర్రోడు:
అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. ఇలా అనుకుంటున్నాను, ముందు కన్యాశుల్కంలో ఆ కంటె ఘట్టం ఇద్దరు నిలబడి చదువుతారు, దాని వెనకే హిందోళం సీను, గిటార్ల సీను, ఆ తర్వాత సప్తపది నుంచి ఇరవై నిమిషాలు, చివర్లో దొరకునా. వంశవృక్షం ఈసారికి పట్టదు శ్రీను గారూ, ఏమనుకోకండి. స్పీచులు లేవు, రమణమూర్తి గారి ఫోటో కూడా అన్నగారి పక్కనే పెడతాం, ఆయన 2016లో పోయారు, ఇద్దర్నీ విడదీసి తల్చుకోవడం బాగోదు. మాస్టారూ, మీరు కాదనకపోతే రామప్పంతులు మీరే చదవండి. మధురవాణికి మాత్రం ఇంకా ఎవరూ దొరకలేదు, పార్వతక్కా మీరు ఊళ్ళోనే ఉంటారా ఆ వారం?