హాస్టల్ మెస్‌లో బల్లల మీద ఉప్పు గిన్నెలు ఎత్తేయాలా?

మెస్‌కమిటీ_కుర్రాడు: మాది హైదరాబాద్‌లో ఒక పీజీ హాస్టల్. వచ్చే నెల నుంచి బల్లల మీద ఉప్పు గిన్నెలు, పచ్చడి జాడీలు తీసేద్దామని కమిటీలో పెట్టాను. కావాల్సినవాళ్లు కౌంటర్ దగ్గరికి వెళ్లి వేసుకోవచ్చు. రోజుకు 5 గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే సుమారు ఒక టీస్పూను. ఉప్పు ఎక్కువైతే బీపీ అని మావాళ్లలో తెలియనివాడు లేడు. ఆ మాట అంటూనే ముద్ద నోట్లో పెట్టకముందే ఉప్పు చల్లుకుంటారు. మీరేమంటారు?

ఆవకాయ_పార్టీ: పెరుగన్నంలో ఆవకాయ బద్ద లేకపోతే నేను హాస్టలే ఖాళీ చేస్తా. అసలే మెస్ కూరలు చప్పిడి. ఓటు వేసే వయసు వచ్చినవాళ్లకి ఏం తినాలో కూడా కమిటీయే చెప్పాలా తమ్ముడూ?

లేబుల్_చూసేవాణ్ణి: గిన్నెల మీద పడ్డారు గానీ, రాత్రి పదకొండింటికి గదిలో ఉడికే నూడుల్స్ సంగతేంటి? ప్యాకెట్ మీద ఉప్పు ఎంతో రాయరు, సోడియం మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. నేను చదివేది ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. ఈ గుణకారం పోయినేడాది దాకా నాకే తట్టలేదు.

మాజీ_మెస్_సెక్రటరీ: స్టోర్ రిజిస్టర్ తీసి చూడు బాబూ. నా టైమ్‌లో మేం 220 మందిమి. వంటకి రోజుకు రెండు కిలోల ఉప్పు, మనిషికి 9 గ్రాములు. బల్లల మీది గిన్నెల్లోకి వారానికి ఒక్క కిలో ప్యాకెట్, అంతే. అంటే మనిషికి రోజుకు గ్రాము కూడా లేదు. నువ్వు వంటగదిని వదిలేసి గిన్నెల్ని పట్టుకున్నావు.

మెస్‌కమిటీ_కుర్రాడు: కానీ అన్నా, సాంబారు సగం డ్రమ్ములోకే పోతుంది కదా. ఆ 9 గ్రాములూ కడుపులోకి పోవు.

మాజీ_మెస్_సెక్రటరీ: నిజమే, ఒప్పుకుంటా. అయితే బయట కొన్న పచ్చళ్లు, అప్పడాలు, ఊరమిరపకాయలు నా లెక్కలో లేవు. అదీ ఇదీ సరిపోతుంది.

ప్రకృతి_ప్రియ: సైంధవ లవణం వాడితే ఈ గొడవే ఉండదు కదా?

లేబుల్_చూసేవాణ్ణి: అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే అండీ. రంగు గులాబీ, ధర ఎక్కువ. పైగా చాలా రకాల్లో అయోడిన్ కలపరు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఉంది గానీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి అది ప్రమాదం. రెండొందల మందికి ఒకే గిన్నెలో వండేచోట నేనైతే దాని జోలికి పోను.

రక్తదానం_తిరస్కృతుడు: నాకు 22. క్యాంపస్‌లో రక్తదానానికి వెళ్తే బీపీ 148/96 అని వెనక్కి పంపేశారు. ఉప్పొక్కటే కారణం అనను, నాన్నకీ ఉంది, నా నిద్ర సంగతి చెప్పక్కర్లేదు. డాక్టరు గారు చెప్పారని తగ్గించా. మొదటి పది రోజులు గడ్డి తిన్నట్టే ఉంది. రెండో నెలలో ఇంటికెళ్తే అమ్మ చేసిన పప్పుచారు ఉప్పుకషాయంలా అనిపించింది. అమ్మ చెయ్యి మారలేదు, నా నాలుకే మారింది. ఆ మాట పైకి అనలేదనుకోండి.

ఆవకాయ_పార్టీ: ఇది మాత్రం ఆలోచించాల్సిందే. అయినా జాడీ జోలికి రావద్దు.

మెస్‌కమిటీ_కుర్రాడు: సరే, ప్రతిపాదన మారుస్తున్నా. జాడీలు, గిన్నెలు ఉంటాయి. వంట మాస్టర్‌తో మాట్లాడా, సాంబారులో, కూరల్లో వారానికి కాస్త చొప్పున తగ్గిస్తారు. ముందే చెప్తే తినకుండానే చప్పగా ఉందంటారు, అందుకే ఎవరికీ చెప్పట్లేదు.

ఆవకాయ_పార్టీ: ఎవరికీ చెప్పని విషయం ఇక్కడ రాశావా తమ్ముడూ? నా రూమ్మేట్‌ది మీ హాస్టలే, ఇప్పుడే పంపించా.