చర్చ: హీరోతో తీసిన యాడ్ ఖర్చు మన బిల్లులోకే వస్తుందా?

గుంటూరు_మిర్చి:
మాఘంలో చెల్లి పెళ్ళి. నగల కోసం విజయవాడలో షాపులన్నీ తిరుగుతున్నాం. గ్రాము రేటు ఎక్కడ చూసినా దాదాపు ఒకటే. తేడా అంతా తరుగులోనూ మజూరీలోనూ ఉంది. ఒకే రకం హారానికి ఒకచోట 12 శాతం అంటే ఇంకోచోట 18 అంటున్నారు. ఆ 18 అడిగిన షాపుకి టీవీలో పెద్ద హీరో యాడ్ వస్తోంది. ఆ హీరోకిచ్చిన డబ్బు మా చెల్లి హారంలోంచే పోతోందని నా వాదన. కాదనేవాళ్ళు లెక్కతో రండి.

ఫ్లెక్సీ_అన్న:
తమ్ముడూ, నేను యాడ్ ఏజెన్సీలోనే పనిచేస్తా. నువ్వనుకున్నట్టు హీరో ఫీజు ఎంతో చూసుకుని తరుగు పెంచరు. ఓనరు మా దగ్గరికి వచ్చేదే "సేల్ పడిపోయింది" అనో, "కొత్త బ్రాంచి తెరుస్తున్నాం" అనో. ఎవరు రావాలి, ఎంత దూరం నుంచి రావాలి, ఎప్పుడు రావాలి అని మేం అడుగుతాం. తెనాలి వాళ్ళు విజయవాడ రావాలంటే హోర్డింగు ఆ దారిలో పడాలి, పేపర్ యాడ్ ఆ జిల్లా ఎడిషన్‌లో పడాలి. పేపర్లో జాగా కాలమ్ సెంటీమీటర్ల లెక్కన కొంటాం. అదంతా తేలాకే హీరో ఊసు. ఒక్క షోరూమ్ ఉన్నవాడికి హీరో దండగ. ముప్పై షోరూములు ఉన్నవాడికి ఆ ఫీజు ఒక్కో నగ మీద పడేది చాలా తక్కువ. అసలు యాడే లేని సందు చివరి షాపులో కూడా 18 అడుగుతారు, అమ్మకాలు తక్కువ కాబట్టి. అక్కడ ఎవర్ని తిడతావ్?

లెక్కల_మాస్టారు:
అన్నతో ఏకీభవిస్తాను. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు కళ్ళజోళ్ళ ప్రకటనల్ని నిషేధించాయి, కొన్ని వదిలేశాయి. ఆ రెండు రకాల రాష్ట్రాల్లో ధరల్ని పోల్చి లీ బెన్‌హమ్ అనే ఆర్థికవేత్త 1972లో ఒక పరిశోధన అచ్చువేశాడు. నిషేధం ఉన్నచోటే కళ్ళజోళ్ళ ధర బాగా ఎక్కువని తేలింది. యాడ్ ఖర్చు ఎటూ కొనేవాడి నెత్తినే అనుకుంటే ఇది తిరగబడాలి కదా.

మన దగ్గర నిర్మా బట్టల సబ్బు పొడి సంగతి చూడండి. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ మొదలుపెట్టాడు. రేడియోలో, టీవీలో ఆ పాట వినని ఇల్లు లేదు. అయినా సర్ఫ్ ధరలో చిన్న వంతుకే అమ్మాడు.

కూకట్‌పల్లి_కోడలు:
మాస్టారూ, నిర్మా కథ సగంలో ఆపేశారు. దానికి సర్ఫ్ వాళ్ళు ఏం చేశారు? ముందు ధర తగ్గించలేదు. యాడ్‌లో లలితాజీ అనే గృహిణి పాత్రని తెచ్చి, చవక వస్తువు కొనడం వేరు, మంచి వస్తువు కొనడం వేరని చెప్పించారు. అంటే ఒకరి యాడ్ తక్కువ రేటు చెప్పడానికి, ఇంకొకరి యాడ్ ఎక్కువ రేటుని సమర్థించడానికి. రెండింటినీ ఒకే గాటన కట్టేసి "యాడ్ ధర పెంచుతుందా, తగ్గిస్తుందా" అని కొట్టుకుంటే తేలేది కాదు.

నేనైతే ఒకటే చూస్తా. యాడ్ చూశాక పక్క షాపుతో పోల్చుకోవడానికి నా చేతికి ఏమైనా దొరికిందా? లలితా జ్యువెలరీ ఓనరు కిరణ్ కుమార్ గుండు మీద, "డబ్బులు ఎవరికీ ఊరికే రావు" అన్న మాట మీద ఎన్ని మీమ్స్ వచ్చాయో అందరికీ తెలుసు. కానీ ఆయన అందులో చెప్పింది నగ ఫోటో తీసుకోండి, వేరే షాపుల్లో రేటు పోల్చి చూసుకోండి అని. ఆ షాపులో చవకో కాదో నేను చెప్పట్లేదు, కొనలేదు కూడా. కానీ మా అత్తగారు ఆ యాడ్ చూశాకే ప్రతి షాపులోనూ ఎస్టిమేషన్ చీటీ అడగడం మొదలుపెట్టారు.

హీరో యాడ్‌లో ఏముంటుంది? పెళ్ళి మండపం, కన్నీళ్ళు, చివర్లో "నమ్మకం". కొందరు "మావి హాల్‌మార్క్ నగలు" అని యాడ్‌లో గొప్పగా వేసుకుంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద హెచ్‌యూఐడీ, అంటే అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ఉండే ఆ నగ గుర్తింపు నంబరు, ఉండాలన్నది రూలు. చట్టం చెయ్యమన్న పని చేసి దానికి చప్పట్లా!

చీరల_కొట్టు:
కోడలు గారూ, చివరి మాట బాగుంది. కానీ కొట్టు నడిపేవాళ్ళ వైపు నుంచి ఒక మాట. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, కొట్లో ఈగలు తోలుకోవాలి. అద్దె, జీతాలు ఆగవు. అందుకే కిలోల లెక్కన చీరలని పాంప్లెట్లు కొట్టించి పేపర్లో పెట్టిస్తాం, మైకు పెట్టి ఆటో తిప్పుతాం. దాంతో లాభం పెద్దగా రాదు, పాత సరుకు కదులుతుంది, శ్రావణం స్టాకుకి డబ్బు చేతికొస్తుంది. ఆ యాడ్ లేకపోతే నష్టాన్ని శ్రావణం చీరల మీదే వేసుకోవాలి.

గుంటూరు_మిర్చి:
సరే, మీ ఆషాఢం యాడ్‌లో రేటు ఉంది కాబట్టి గొడవ లేదు. నా గొడవ రేటు చెప్పని వాళ్ళతోనే. అన్నా, హీరో మీద కేసు వెయ్యొచ్చంటున్నారు, నిజమేనా?

ఫ్లెక్సీ_అన్న:
2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే యాడ్ చేస్తే కంపెనీకే కాదు, అందులో కనిపించినవాళ్ళకి కూడా 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. ఏడాది పాటు ఏ యాడూ చెయ్యకుండా ఆపొచ్చు కూడా. కానీ "నమ్మకం" అన్నందుకు ఎవరూ ఏమీ చెయ్యలేరు, అందులో అబద్ధం అని పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మా వాళ్ళు ఆ మాట ఎంచుకునేది సగం అందుకే, ఒప్పుకుంటా.

తరుగు శాతం యాడ్‌లో వెయ్యమని క్లయింట్లకి చెప్పి చూశాం. పక్కవాడు తెల్లారేసరికి ఒక శాతం తగ్గించి వేస్తాడని భయపడతారు.

కూకట్‌పల్లి_కోడలు:
వెయ్యనివ్వండి అన్నా. మిర్చి తమ్ముడి చెల్లి పెళ్ళి మాఘంలోనేగా, ఇంకా టైముంది.