పాప ఇండియా ఈ-వీసా ఫారం అప్‌లోడ్ దగ్గర ఆగిపోతోంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

గోదారిగట్టు:
రాత్రి 9కి కూర్చున్నానండీ, ఇప్పుడు 2 దాటింది. పాపకి ఇండియా ఈ-వీసా అప్లై చేస్తున్నా, మా ఇద్దరి వివరాలు, ఇండియాలో రిఫరెన్స్, ఇక్కడ రిఫరెన్స్, చివరికి పుట్టుమచ్చ ఎక్కడుందో కూడా నింపేసి ముందుకెళ్తే పాస్‌పోర్ట్ కాపీ అప్‌లోడ్ దగ్గర ఎర్రర్ వస్తోంది. బ్రౌజర్ మార్చా, ల్యాప్‌టాప్ మార్చా, మా ఆవిడ ఫోన్‌లో కూడా చూశా, అంతే. మధ్యలో టైమ్ అయిపోయి రెండుసార్లు మొదట్నించి నింపాల్సొచ్చింది. తమ్ముడి పెళ్లి, టికెట్లు కొనేశాం, వాపస్ రావు. ఎవరికైనా ఇలా అయిందా? ఏం చేశారు?

చిన్నమాట:
పీడీఎఫ్ చెయ్. 300 కేబీ లోపు.

గోదారిగట్టు:
ఫోన్‌తో తీసిన ఫోటో పెడుతున్నానండీ, క్లియర్‌గానే ఉంది, 4 ఎంబీ.

చిన్నమాట:
పీడీఎఫ్. 10 నుంచి 300 కేబీ. పాప ఫోటో మాత్రం జేపీజీ, 1 ఎంబీ లోపు, పొడవు వెడల్పు సమానం.

ఓరుగల్లుపోరడు:
అన్నా, ఫారం మొదటి పేజీ అయినంక టెంపరరీ అప్లికేషన్ ఐడీ అని ఒకటిస్తడు, అది రాసి పెట్టుకో. మధ్యల ఆగిపోయినా ఆ ఐడీతోని మళ్ల తెరవొచ్చు, మొదటికెల్లి నింపే పని లేదు. మా బిడ్డకు చేసినప్పుడు నాకూ తెల్వక మూడుసార్లు నింపిన. ఇంకోటి, నువ్వు ఏ సైట్ల చేస్తున్నవ్? జీఓవీ డాట్ ఇన్ అని ఉన్నదేనా? అచ్చం అట్లనే కనిపించే ప్రైవేటు సైట్లు శానా ఉన్నయ్, మా ఆఫీసుల ఒకాయన అట్లాంటి దాంట్ల డబ్బులు కట్టి పరేషానయిండు.

గోదారిగట్టు:
గవర్నమెంట్ సైటే బ్రో. ఐడీ సంగతి తెలీదు, థాంక్స్.

కృష్ణాతీరం:
నమస్తే. నేను ఈ గ్రూపులో చాలాసార్లు చెప్పాను, మళ్లీ చెప్తున్నాను, ఎందుకంటే ప్రతి సెలవులకీ ఇదే ప్రశ్న వస్తుంది. పాప అక్కడే పుట్టిందనుకుంటున్నాను. తల్లిదండ్రుల్లో ఒక్కరు ఇండియన్ సిటిజన్ అయినా చాలు, పాపకి ఓసీఐ, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు, వస్తుంది. ఒకసారి తీసుకుంటే జీవితాంతం వీసా అక్కర్లేదు, ఎన్నిసార్లు వెళ్లినా ఎన్నాళ్లున్నా అడిగేవాడు లేడు. 2015 జనవరిలో భారత సంతతి వాళ్లకిచ్చే పీఐఓ కార్డుల్ని కూడా దీన్లోనే కలిపేశారు. అంతకుముందు కొత్త పాస్‌పోర్ట్ వచ్చినప్పుడల్లా పిల్లలకి ఓసీఐ మళ్లీ చేయించాల్సొచ్చేది, 2021 నుంచి ఆ బాధ కూడా తీసేశారు, 20 ఏళ్లలోపు వాళ్లకి కొత్త పాస్‌పోర్ట్ కాపీ, ఫోటో ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేస్తే చాలు, ఫీజు కూడా లేదు. ఇంత సులువుగా డ్యూయల్ సిటిజన్‌షిప్ ఇస్తుంటే ప్రతిసారీ ఈ-వీసా ఫారాలతో కుస్తీ ఎందుకండీ? పిల్లలకి మనదేశంతో బంధం ఉండాలంటే ముందు ఈ కార్డు చేయించాలి.

పల్నాటిలాయరు:
ఓసీఐ డ్యూయల్ సిటిజన్‌షిప్ కాదండీ. పేరులో సిటిజన్ అని ఉన్నంత మాత్రాన పౌరసత్వం అయిపోదు. ఇష్టపూర్వకంగా వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే మన పౌరసత్వం పోతుందని రాజ్యాంగం 9వ ఆర్టికల్ నుంచీ ఉంది. ఓసీఐ ఉన్నవాళ్లకి ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. మా చుట్టాల్లో ఒకాయన ఓసీఐ ఉంది కదా అని పొలానికి బయానా ఇచ్చేసి తర్వాత తల పట్టుకున్నాడు. అందుకే ఈ మాట దగ్గర నేను ఊరుకోను.

కృష్ణాతీరం:
నేను జనం వాడే మాట వాడాను. భావం అర్థమైంది కదా.

పల్నాటిలాయరు:
జనం తప్పుగా వాడుతున్నారు కాబట్టే చెప్తున్నా.

ఓరుగల్లుపోరడు:
అన్నలూ, ఆయనకు పెండ్లి దగ్గరపడ్డది. ఓసీఐ చేతికొచ్చేసరికి వారాలు పడుతది, ఈ ట్రిప్పుకు అయ్యేది కాదు. వచ్చినంక ఆరాంగా చేసుకుంటడు.

విశాఖతల్లి:
ఇంతకీ ప్రయాణం ఎప్పుడు బాబూ? ఏ పాస్‌పోర్ట్, పాపకి ఎన్నేళ్లు, ఎక్కడ దిగుతున్నారు? ఇవేవీ చెప్పలేదు నువ్వు.

మెట్టపల్లె:
వీసా ఆన్ అరైవల్ ఉంది కదా, శంషాబాద్‌లో దిగాక తీసుకోవచ్చు. మా బామ్మర్ది అమెరికా నుంచి అలాగే వచ్చాడు.

పల్నాటిలాయరు:
మీ బామ్మర్ది వచ్చింది ఈ-వీసా మీదే అయ్యుంటుంది. 2014 నవంబర్‌లో మొదలుపెట్టినప్పుడు దానికి టూరిస్ట్ వీసా ఆన్ అరైవల్ అనే పేరు పెట్టారు, కానీ అప్పుడు కూడా ముందుగా ఆన్‌లైన్‌లో అప్లై చేసి అనుమతి కాగితం తెచ్చుకోవాల్సిందే. జనం కంగారు పడుతున్నారని 2015 ఏప్రిల్‌లో ఈ-టూరిస్ట్ వీసా అని మార్చారు. నిజంగా దిగాక ఇచ్చే వీసా జపాన్, దక్షిణ కొరియా వాళ్లకి, కొన్ని షరతులతో యూఏఈ వాళ్లకి మాత్రమే. అమెరికా పాస్‌పోర్ట్‌తో అనుమతి కాగితం లేకుండా వెళ్తే అక్కడ ఎయిర్‌లైన్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి, చిన్నపిల్లతో ప్రయాణం.

మెట్టపల్లె:
ఏమో సార్, వాడు అలాగే చెప్పాడు.

గోదారిగట్టు:
అయ్యో చెప్పలేదా, సారీ అమ్మా. మేం డాలస్‌లో ఉంటాం. నాదీ మా ఆవిడదీ ఇండియన్ పాస్‌పోర్టులే, పాపది మాత్రం అమెరికన్, ఇక్కడే పుట్టింది. 4 ఏళ్ల 8 నెలలు. ప్రయాణం ఇంకో 23 రోజుల్లో, హైదరాబాద్‌లో దిగి అక్కణ్నించి రాజమండ్రి. పీడీఎఫ్ చేస్తే ఎక్కిందండీ చిన్నమాట గారూ! ఇప్పుడు డబ్బు కట్టే పేజీలో ఉన్నా.

విశాఖతల్లి:
ఆగు బాబూ, కట్టకు. పాప పాస్‌పోర్ట్ ఎక్స్‌పైరీ ఎప్పుడు?

గోదారిగట్టు:
పుట్టిన రెండు నెలలకి తీశామండీ. 10 ఏళ్లు కదా.

విశాఖతల్లి:
కాదు నాయనా. 16 లోపు పిల్లలకి అమెరికా పాస్‌పోర్ట్ 5 ఏళ్లే. లోపలి పేజీ తీసి తేదీ చూడు.

గోదారిగట్టు:
చూశాను. ఇవాళ్టికి 6 నెలలుంది కరెక్ట్‌గా. హమ్మయ్య.

విశాఖతల్లి:
ఇవాళ్టికి కాదు, ఇండియాలో దిగే రోజుకి 6 నెలలుండాలి. నువ్వు దిగేసరికి 5 నెలల చిల్లర అవుతుంది. ఆ పాస్‌పోర్ట్ మీద డబ్బు కడితే అది తిరిగి రాదు. పైగా ఈ-వీసాని పాస్‌పోర్ట్ నంబర్‌తో ముడిపెడతారు, కాబట్టి ముందు కొత్త పాస్‌పోర్ట్ తెచ్చుకుని, ఆ నంబర్‌తో మళ్లీ నింపాలి. మా మనవడికి ఇదే జరిగింది, ఎయిర్‌పోర్ట్‌లో మా అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసిన రోజు నేను మర్చిపోలేను, అందుకే ఎవరు అడిగినా ముందు ఈ తేదీ చూడమంటాను.

గోదారిగట్టు:
23 రోజుల్లో పాస్‌పోర్టూ వీసా రెండూ ఎలాగండీ? మామూలుగా వారాలు పడుతుందంటారు కదా. చేతులు ఆడట్లేదు.

ఓరుగల్లుపోరడు:
పరేషాన్ గాకు అన్నా. పోస్టాఫీసుల ఇస్తే టైమ్ పడుతది గానీ, పాస్‌పోర్ట్ ఏజెన్సీ అని అమెరికా గవర్నమెంటుదే వేరే ఆఫీసు ఉంటది, డాలస్‌ల కూడా ఉంది. 14 రోజులల్ల ప్రయాణం ఉన్నోళ్లకు అక్కడ అపాయింట్‌మెంట్ ఇస్తరు, వేరే దేశం వీసా కావాల్సినోళ్లకైతే 28 రోజులల్ల ఉన్నా ఇస్తరు. నీది 23 కాబట్టి సరిపాయె. పొద్దున్నే ఫోన్ చెయ్, ఇండియా వీసా కావాలె అని గట్టిగ చెప్పు. డీఎస్-11 ఫారం నింపు గానీ సంతకం అక్కడనే పెట్టాలె. పిల్లను తీసుకొని మీరిద్దరు పోవాలె, బర్త్ సర్టిఫికెట్, పాత పాస్‌పోర్ట్, మీ ఇద్దరి ఐడీలు, టికెట్ల ప్రింటు, కొత్త ఫోటో. ఒక్కరు రాలేకపోతే డీఎస్-3053 అనే ఒప్పుకోలు ఫారం నోటరీ చేయించి పంపాలె.

చిన్నమాట:
ఈ-వీసా కనీసం 4 రోజుల ముందు అప్లై చెయ్యాలి. పాస్‌పోర్ట్ రాగానే చెయ్.

కృష్ణాతీరం:
ఓసీఐ ఉంటే ఈ వీసా గొడవే ఉండేది కాదు అని మాత్రం చెప్తాను. తిరిగొచ్చాక తప్పకుండా చేయించండి.

పల్నాటిలాయరు:
అది మంచి మాటే, నేనూ ఒప్పుకుంటాను. ఇంకొకటి, 2025 అక్టోబర్ 1 నుంచి విదేశీ పాస్‌పోర్ట్ వాళ్లు ఈ-అరైవల్ కార్డ్ కూడా ఆన్‌లైన్‌లో నింపాలి, దిగడానికి 72 గంటల లోపు, అది ఉచితం. విమానంలో కాగితం ఇచ్చేవారు కదా, దాని బదులు. పాపకి కూడా చెయ్యండి.

మెట్టపల్లె:
మరి మీ హెచ్1బీ స్టాంపింగ్, అదే పాస్‌పోర్ట్‌లో అమెరికా ఉద్యోగ వీసా ముద్ర, ఉందా బ్రదర్? లేకపోతే వెళ్లడం సులువే, రావడం కష్టం. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాట్ దొరకాలి కదా.

గోదారిగట్టు:
మా ఇద్దరికీ స్టాంపింగ్ వచ్చే ఏడాది దాకా ఉందండీ, అది చూసుకున్నాం. పాపది చూడలేదు.

విశాఖతల్లి:
ఏం కాదు బాబూ, ఇంకా టైముంది. పడుకో కాసేపు. పొద్దున్నే లైన్ ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యి.

గోదారిగట్టు:
అప్‌డేట్. గంటన్నర లైన్‌లో ఉంటే గురువారం అపాయింట్‌మెంట్ దొరికింది, డాలస్‌లోనే. విశాఖతల్లి గారూ, మీరు ఆగమని అనకపోతే కట్టేసేవాణ్ని. అందరికీ థాంక్స్, పాప ఫోటో తీయించడానికి వెళ్తున్నాం.

మెట్టపల్లె:
ఆల్ ద బెస్ట్ బ్రదర్.

కొత్తచిగురు:
సార్ ఇక్కడే అడుగుతున్నా ఏమనుకోకండి, మా అత్తగారిది బ్రిటన్ పాస్‌పోర్ట్, పుట్టింది నెల్లూరులో, పాత ఇండియన్ పాస్‌పోర్ట్ ఎక్కడో పోయింది, సరెండర్ చేశారో లేదో ఆవిడకి గుర్తు లేదు, ఈ-వీసా ఫారంలో మునుపటి జాతీయత దగ్గర ఏం రాయాలి?