22న కామిక్స్ మూల: బోర్డులు ప్రింటు కాలేదు, శుక్రవారం 5 లోపు తేల్చాలి

లలిత, సోమవారం రాత్రి 9:10
అందరికీ నమస్కారం. 22న బ్రస్సెల్స్‌లో మన సంఘం కార్యక్రమంలో పెట్టే కామిక్స్ మూల గురించి. ప్రదర్శన జాబితా మీద సంతకం పెట్టి శుక్రవారం సాయంత్రం 5 లోపు హాలు వాళ్ళకి ఇవ్వాలి. మిగిలిన పనులు ఇవీ.
1. ఏ1 బోర్డులు 12, "రచయితలూ వాళ్ళ పెంపుడు పాత్రలూ": కిరణ్
2. బోర్డుల మీద రాత, తెలుగు, ఫ్రెంచ్, డచ్: వేణు గారు
3. పిల్లల బొమ్మల బల్ల, 30 మంది: పద్మజ
4. పులిహోర, దద్దోజనం, 140 మందికి: మాధవి గారి జట్టు
5. మైకు, ప్రొజెక్టర్: సుధీర్
6. క్విజ్ బహుమతులు: ఫణి
పూర్తయినవాళ్ళు "అయింది" అని పెట్టండి చాలు.

కిరణ్, 9:32
నాది అవలేదండీ. ప్రింటింగ్ షాపు నుంచి ఇప్పుడే మెయిలొచ్చింది. 12 ఫైళ్ళలో 9 వెనక్కి పంపారు. టిన్‌టిన్ కుక్క మిలూ, ఆస్టెరిక్స్ కథల కుక్క ఇదెఫిక్స్, బూల్ అనే పిల్లాడి కుక్క బిల్, స్పిరూ ఉడుత స్పిప్, పొడుగు తోక మార్సుపిలామి, స్నూపీ కుక్క, గార్ఫీల్డ్ పిల్లి, కాల్విన్ పులి హాబ్స్, చాచా చౌదరి కుక్క రాకెట్. హక్కుదారుల ఉత్తరం చూపించందే వేయరట. ప్రోగ్రాం పట్టిక, హాలు మ్యాపు, మన పిల్లలు వేసిన పంచతంత్రం బోర్డు మాత్రం వేస్తారు.

సుధీర్, 9:36
అంటే అసలు సరుకంతా పోయిందన్నమాట. ఇంకో షాపుకి పోదాం. ఇవన్నీ అడగనివాళ్ళు బోలెడుమంది ఉంటారు.

లలిత, 9:41
షాపు మారితే సరిపోదు సుధీర్. హాలు ఫారం 3వ పేజీలో అదే ఉంది. ప్రదర్శించే ప్రతి బొమ్మకీ హక్కు మనదే అయినా ఉండాలి, అనుమతి అయినా ఉండాలి అని నేను సంతకం పెట్టాలి. రేపేదైనా అయితే అడిగేది సంఘాన్ని కాదు, నన్ను.

సుధీర్, 9:44
మనం టికెట్ పెడుతున్నామా, అమ్ముతున్నామా? పిల్లల కోసం కుక్క బొమ్మ పెడితే ఎవరొచ్చి అడుగుతారు? పైగా టిన్‌టిన్ 2025లో ఫ్రీ అయిపోయాడు కదా.

వేణు, 9:58
ఫ్రీ అయింది అమెరికాలో, అదీ 1929లో వచ్చిన పేజీల వరకే. మనం ఉన్నది బ్రస్సెల్స్‌లో. ఇక్కడ రచయిత పోయిన ఏడాది ముగిశాక 70 ఏళ్ళు లెక్క. టిన్‌టిన్‌ని వేసిన ఎర్జే పోయింది 1983లో, కాబట్టి మిలూ 2053 చివరిదాకా దొరకడు. ఇదెఫిక్స్ కథ ఇంకా దూరం. కథ రాసిన గొసినీ 1977లోనే పోయినా, ఇద్దరు కలిసి చేసిన పనికి చివర పోయినవాళ్ళ లెక్క వస్తుంది. బొమ్మలు వేసిన ఉదెర్జో 2020లో పోయారు, అంటే 2090. బిల్‌ని వేసిన రొబా 2006. టికెట్ లేకపోవడం వల్ల ఏమీ మారదు. గోడకి పెట్టి జనానికి చూపించడమే లెక్కలోకి వస్తుంది.
ఇక హాబ్స్ సంగతి. వాటర్సన్ తన బొమ్మల్ని కప్పుల మీదా చొక్కాల మీదా వేయడానికే ఒప్పుకోలేదు. మనకి నాలుగు రోజుల్లో ఉత్తరం వస్తుందా?

సుధీర్, 10:03
మిలూకి పంచె కట్టి తలపాగా చుడదాం. ప్యారడీకి పర్మిషన్ అక్కర్లేదుగా.

వేణు, 10:11
ప్యారడీకి మినహాయింపు ఉన్న మాట నిజమే. ఆ విషయంలో ఐరోపా కోర్టు 2014లో ఇచ్చిన తీర్పు కూడా బెల్జియం కామిక్ మీదే, వాండర్‌స్టీన్ వేసిన సుస్కే ఎన్ విస్కే అట్టబొమ్మ మీద. అసలు బొమ్మ గుర్తుకు రావాలి, దానికీ దీనికీ తేడా స్పష్టంగా ఉండాలి, హాస్యమో వెక్కిరింతో ఉండాలి అన్నారు. ఆపైన రెండు వైపులవాళ్ళ ప్రయోజనాలూ స్థానిక కోర్టు తూచి చూస్తుంది. ఉన్న బొమ్మకి పంచె అతికిస్తే వెక్కిరింత ఎక్కడుంది? అడిగితే జవాబు చెప్పాల్సింది లలిత గారు.

ఫణి, 10:15
షాపుకి 120 యూరోలు అడ్వాన్సు ఇచ్చాం. ఒక్కో బోర్డు 38 చొప్పున 12కి 456 అనుకున్నాం. ఫైళ్ళు మారిస్తే అడ్వాన్సు అలాగే ఉంచుతారా, కనుక్కోండి.

సుధీర్, 10:17
ప్రతిసారీ ఇంతే. ఆఖరి వారంలో ఎవరో ఒకరు రూల్స్ పుస్తకం తెరుస్తారు. ఇన్నాళ్ళూ అందరూ చూస్తూ కూర్చున్నారు.

కిరణ్, 10:19
చూస్తూ కూర్చున్నదెవరన్నా? 9 ఫైళ్ళూ నేనొక్కణ్ణే కూర్చి చేశాను. నీకంత తేలికగా ఉంటే ఈ పని నువ్వే తీసుకో.

లలిత, 10:20
ఈ రాత్రికి ఇక్కడితో ఆపండి ఇద్దరూ.

పద్మజ, మంగళవారం ఉదయం 7:50
రంగులు నింపడానికి నేను తీయించాలనుకున్న జిరాక్సులూ ఇవే బొమ్మలు. అవీ మానేయాలా? మానేస్తే 30 మంది పిల్లలకి ఏదో ఒకటి ఇవ్వాలి కదా.

వేణు, 8:25
మానేయండి. బదులుగా హక్కులు తీరిపోయిన పాతవాళ్ళని తెద్దాం. నిజానికి కామిక్స్‌లో పెంపుడు జంతువుల కథ మొదలైందే వాళ్ళతో.
మొదట టైగ్. బస్టర్ బ్రౌన్ అనే కొంటె పిల్లాడి కుక్క. అవుట్‌కాల్ట్ 1902లో న్యూయార్క్ హెరాల్డ్‌లో మొదలుపెట్టారు, 1928లో పోయారు. అమెరికా కామిక్స్‌లో మాట్లాడిన మొదటి పెంపుడు జంతువు ఇదేనంటారు. దాని మాటలు పెద్దవాళ్ళకి వినపడవు. హాబ్స్, గార్ఫీల్డ్ నడిచిన దారి ఇదే. కాబట్టి వాళ్ళ బొమ్మలు లేకపోయినా మనం చెప్పాలనుకున్న విషయం టైగ్‌తో చెప్పొచ్చు. టైగ్ బొమ్మతో చెప్పుల కంపెనీ గుర్తు కూడా ఉంది, అది ముట్టుకోకండి. పేపర్లో వచ్చిన పేజీలు చాలు.
రెండోది విల్హెల్మ్ బుష్ 1882లో వేసిన ప్లిష్, ప్లుమ్ అనే రెండు కుక్కపిల్లలు. చెరువులో ముంచబోతే ఇద్దరు పిల్లలు కాపాడి ఇంటికి తెచ్చుకుంటారు. మొదటి పేజీలే తీసుకోండి. మధ్యలో ఒక అధ్యాయంలో యూదుల్ని వెక్కిరించే బొమ్మలున్నాయి, అవి ఈ ఊళ్ళోనే కాదు, ఎక్కడా గోడకెక్కకూడదు. బుష్ వేసిందే కాకి కథ ఒకటుంది, అందులో కాకి తాగి ఉరిపడి చస్తుంది. పిల్లల కార్యక్రమానికి అదీ వద్దు.
మూడోది బెంజమాఁ రబియే బాతు గెదెయోఁ, 1923. రబియే 1939లో పోయారు. జున్ను డబ్బా మీద నవ్వే ఆవు ఆయన చేతిదే, కానీ అది ట్రేడ్‌మార్కు. ఆవు జోలికి పోవద్దు.

పద్మజ, 8:40
రబియే ఫ్రెంచ్ కథకుడు లా ఫోంతేన్ కథలకి కూడా బొమ్మలు వేశారు కదండీ? తాబేలూ రెండు బాతుల కథ?

వేణు, 8:46
వేశారు, 1906 పుస్తకం. ఆ కథ మనదే, కంబుగ్రీవుడిది. లా ఫోంతేన్ 1678 సంపుటం ముందుమాటలో ఎక్కువ కథలు భారతీయ పండితుడు పిల్‌పే నుంచి వచ్చాయని ఆయనే రాసుకున్నాడు. చిన్నయసూరి మిత్రభేదం చదివినవాళ్ళకి ఆ బొమ్మ చూడగానే తెలిసిపోతుంది. మనవాళ్ళకి హంసలు, వాళ్ళకి బాతులు.

ఫణి, 8:52
తాబేలు పెంపుడు జంతువు కాదు కదా. శీర్షికేమో పెంపుడు పాత్రలు.

పద్మజ, 8:53
హంసలు మోసుకెళ్ళాయిగా, అదే పెంపకం. వదిలెయ్యి ఫణీ.

ఫణి, 9:05
బుజ్జాయి గారి కామిక్ డుంబు పెడదామా?

వేణు, 9:09
ఆయన 2023లోనే పోయారు. అదే చిక్కు. పేరు, పరిచయం రాయొచ్చు. బొమ్మ వేయలేం.

కిరణ్, మధ్యాహ్నం 12:30
స్కాన్ల సంగతి. రబియేవి ఫ్రెంచ్ జాతీయ గ్రంథాలయం వాళ్ళ గాలికా వెబ్‌సైటులో ఉన్నాయి, పూర్తి సైజువి దించుకోండి, తెర మీద కనపడేది సేవ్ చేస్తే పనికిరాదు. పేజీ వెడల్పు 2500 పిక్సెళ్ళుంటే ఏ2 (ఏ1లో సగం సైజు) దాటించొద్దు, అంగుళానికి 150 చుక్కలు మాత్రమే వస్తాయి. ఏ1కి లాగితే గీతల అంచులు పళ్ళు పళ్ళుగా కనపడతాయి. టైగ్‌ది పాత న్యూస్‌ప్రింట్, రంగులన్నీ చుక్కలే. సైజు తగ్గించేముందు ఒక పిక్సెల్ మసక చేయకపోతే గళ్ళచీర నేసినట్టు అలలు వస్తాయి. పసుపు మొత్తం తీసేయొద్దు, చుక్కలు కూడా కొట్టుకుపోతాయి. అన్నీ ఏ2కి మారుస్తున్నా.

సుధీర్, సాయంత్రం 6:15
నాకో సంగతి తట్టింది. ఊరి గోడల మీద ఈ కుక్కలన్నీ ఉన్నాయి కదా. ర్యూ ద లెత్యూవ్‌లో టిన్‌టిన్ కథల కెప్టెన్ హడాక్, టిన్‌టిన్, మిలూ మెట్లు దిగుతుంటారు. ర్యూ ద్యు షెవ్రోయ్‌లో బూల్, బిల్. ఆ గోడల ఫొటోలు మనమే తీసి పెడితే?

వేణు, 6:40
ఇది కుదిరేలా ఉంది సుధీర్. బహిరంగ స్థలంలో శాశ్వతంగా పెట్టిన బొమ్మని అది ఉన్న చోట ఉన్నట్టుగా ఫొటో తీసి వాడుకోవచ్చని 2016లో ఇక్కడ చట్టం వచ్చింది. హక్కుదారుల మామూలు రాబడికి దెబ్బ తగలకూడదు. అందుకని బొమ్మ ఒక్కటే కత్తిరించి పెట్టొద్దు. వీధి, కిటికీలు, దీపస్తంభం అన్నీ కనపడాలి. కింద చిత్రకారుడి పేరు, వీధి పేరు.

లలిత, 7:05
హాలు ఆఫీసుకి ఫోన్ చేశాను. గోడ ఫొటోలు ఒప్పుకున్నారు, చుట్టుపక్కల వీధి కనపడాలి, తీసినవాళ్ళ పేరు ఫారంలో రాయాలి. పాత బొమ్మలకి రచయిత పోయిన సంవత్సరం రాస్తే చాలన్నారు.

కిరణ్, 7:12
అన్నా, నువ్వు తీస్తావా? మిలూ వీధి ఇరుకు, పొద్దున 8 దాటితే అక్కడంతా టూరిస్టులే. ఫోన్ అయినా పర్లేదు, మామూలు లెన్సుతో. అతి వెడల్పు లెన్సు పెడితే ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఎదురు గోడకి ఆనుకుని నిలబడు. 4032 పిక్సెళ్ళ ఫొటో ఏ2కి అంగుళానికి 170 దాకా వస్తుంది, సరిపోతుంది. జూమ్ మాత్రం ముట్టుకోకు.

సుధీర్, 7:15
గురువారం పొద్దున తీస్తా. ఫోమ్ బోర్డులు కూడా నా కారులో పట్టుకొస్తా, నువ్వు బస్సులో తేవద్దు.

వేణు, బుధవారం ఉదయం 8:00
మిగతావాటికి అక్షరాల బోర్డులే. వాస్తవాలకి కాపీరైట్ లేదు. పీనట్స్ వేసిన షుల్జ్ చిన్నప్పటి కుక్క స్పైక్ నుంచి స్నూపీ పుట్టింది. 1950 అక్టోబరు 2న పీనట్స్ మొదలైతే 4న స్నూపీ వచ్చేసింది. గార్ఫీల్డ్‌ని వేసిన జిమ్ డేవిస్ తన తాత పేరే పిల్లికి పెట్టారు. హాబ్స్ గుణాలు కొన్ని వాటర్సన్ పిల్లి స్ప్రైట్‌వి. రొబా ఇంటి కుక్కే బిల్‌కి మూలం. మిలూ పేరు ఎర్జే తొలి స్నేహితురాలి ముద్దుపేరు. హడాక్ వచ్చేదాకా కబుర్లన్నీ మిలూవే, ఆయన వచ్చాక దాని మాటలు తగ్గాయి. ఒక్కో బోర్డుకి 40 మాటలు మించనివ్వను. మూడు భాషలు కలిస్తే 120, అంతకంటే ఎవరూ నిలబడి చదవరు.

పద్మజ, 8:30
పిల్లల బల్లకి రంగులు వద్దు. వాళ్ళనే కామిక్ వేయిద్దాం, రామకృష్ణుడి పిల్లి. సరిగ్గా నాలుగు గళ్ళ కథ. రాయలవారు పిల్లినీ ఆవునీ ఇవ్వడం, కాగే పాలు పెట్టడం, మూతి కాలిన పిల్లి పరుగు, సభలో పాలు చూడగానే పిల్లి పారిపోవడం.
ఏ3 కాగితం, 160 గ్రాములది, పాడైనవాటితో కలిపి 45. చుట్టూ 15 మి.మీ. అంచు, గళ్ళ మధ్య 6 మి.మీ. అప్పుడు ఒక్కో గడి 192 వెడల్పు, 130 ఎత్తు. గళ్ళు మనమే గీసి ఇవ్వాలి. పిల్లలకి వదిలితే మొదటి గడి అరకాగితం తింటుంది, నాలుగోదానికి చోటుండదు.

వేణు, 8:44
బెలూన్ల గురించి ఒక మాట. ముందు మాటలు రాయించండి, తర్వాతే చుట్టూ గీత. బెలూను ముందు గీస్తే మాటలు చివరికొచ్చేసరికి చీమలంత అయిపోతాయి. మొదట మాట్లాడేవాళ్ళది ఎడమవైపు, పైన. తెలుగులో వరసల మధ్య జాగా ఎక్కువ కావాలి. అక్షరం 5 మి.మీ. ఉంటే వరసకీ వరసకీ 12 ఉంచండి. "రామకృష్ణుడు" రాస్తే కృ, ష్ణు కిందికి దిగుతాయి, కింది వరసలో గుడి ఉంటే దాన్ని తగులుకుంటాయి.

కిరణ్, 9:10
బోర్డుల రాతలోనూ అదే తంటా. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. పీడీఎఫ్ పంపేముందు అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా (గీతల బొమ్మలుగా) మార్చండి, షాపు కంప్యూటర్లో మన ఫాంటు ఉండదు.

ఫణి, మధ్యాహ్నం 1:05
షాపువాళ్ళు అడ్వాన్సు కొత్త ఆర్డరుకి కలుపుతామన్నారు. ఏ2 కాగితం ప్రింటు 9 యూరోలు. ముందు ఒప్పుకున్న 3 ఫైళ్ళు కూడా ఏ2లోనే, మొత్తం 14, అంటే 126. ఫోమ్ బోర్డులు విడిగా కొంటే 60 లోపే.

కిరణ్, 1:20
5 మి.మీ. ఫోమ్ తీసుకో. తడి జిగురు వద్దు, తెల్లారేసరికి బోర్డు విల్లులా వంగుతుంది. రెండువైపులా అంటుకునే టేపు, నాలుగంచులా, మధ్యలో ఒక గీత. తాడుకి రెండు రంధ్రాలు, మూల నుంచి 30 మి.మీ. లోపలికి, వెనక గుడ్డ టేపు వేశాకే. లేకపోతే తాడు ఫోమ్‌ని కోసేస్తుంది. బోర్డు మధ్యభాగం నేల నుంచి 120 సెం.మీ. ఉంటే పిల్లలకి అందుతుంది.

సుధీర్, గురువారం ఉదయం 7:35
మిలూ అయింది, ఖాళీ వీధి దొరికింది. ఇప్పుడు ర్యూ ద్యు షెవ్రోయ్‌లో ఉన్నా. గోడ ముందు డెలివరీ వ్యాను ఆగి ఉంది, కింది భాగం కనపడట్లేదు. ఆయన కాఫీకి పోయినట్టున్నాడు. ఆగనా?

కిరణ్, 7:37
కుక్క కనపడుతోందా?

సుధీర్, 7:38
కుక్క మొత్తం కనపడుతోంది.

కిరణ్, 7:38
అయితే వ్యానుతోనే తీసెయ్. హాలు వాళ్ళకి కావాల్సింది వీధేగా.