మెడ దగ్గర వెన్నుపాముకి దెబ్బ తగిలింది, నాన్నని ఎలా చూసుకోవాలి? (చర్చ)

సుధ_చిన్నమ్మాయి
నమస్కారం అండి. నాన్నకి 68 ఏళ్లు. మెట్ల మీద కాలు జారి బోర్లా పడ్డారు. గడ్డం మెట్టుకి కొట్టుకుని మెడ ఒక్కసారిగా వెనక్కి వంగిపోయింది. ఎముక విరగలేదు గానీ లోపల వెన్నుపాము నలిగిందని ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. కాళ్లు కొద్దిగా కదుపుతున్నారు, చేతులు మాత్రం మంచం మీంచి లేవట్లేదు. నడుస్తారా అని అడిగితే డాక్టర్లు "ఇప్పుడే చెప్పలేం" అంటున్నారు. తప్పించుకోవడానికే అలా అంటున్నారని అన్నయ్య అనుమానం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎత్తడం దించడం ఆవిడ వల్ల కాదు. ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు, ముందు దేని మీద దృష్టి పెట్టాలో చెప్పండి.

రామకృష్ణ_కె
సుధ గారూ, మా అమ్మకీ అచ్చం ఇలాగే జరిగింది. మీరు చెప్పేది వింటే సెంట్రల్ కార్డ్ సిండ్రోమ్ లాగే ఉంది, డాక్టర్‌ని అడగండి. వయసు మీద పడ్డాక మెడ ఎముకలు అరిగి లోపలి దారి ఇరుకైపోతుంది. మెడ వెనక్కి విరుచుకున్నప్పుడు ఆ ఇరుకులో వెన్నుపాము నలుగుతుంది, ఎముక విరగక్కర్లేదు. కాళ్ల కంటే చేతులు ఎక్కువ దెబ్బతినడం దీని లక్షణం. చాలామందిలో ముందు కాళ్లు, తర్వాత మూత్రం మీద అదుపు, ఆ తర్వాత చేతులు, అన్నిటికంటే చివర వేళ్లు తేరుకుంటాయి. అమ్మ వాకర్ పట్టుకుని నడిచాక కూడా చాలాకాలం గుండీ పెట్టుకోలేకపోయింది.

"ఇప్పుడే చెప్పలేం" అన్నది నిజమే అండి. దెబ్బ తగిలిన కొత్తలో కొన్ని రోజులు, ఒక్కోసారి వారాల పాటు వెన్నుపాము షాక్‌లో ఉంటుంది, అంటే దెబ్బ కింది భాగం తాత్కాలికంగా పని ఆపేస్తుంది. అప్పటి కదలికని బట్టి తేల్చి చెప్పడం కష్టం. "నడుస్తారా" అని కాకుండా "ఆసియా గ్రేడ్ ఎంత" అని అడగండి. వెన్నుపాము ఎంత దెబ్బతిందో చెప్పే కొలత అది. అన్నిటికంటే తీవ్రమైన ఎ నుంచి మామూలు స్థితి అయిన ఇ వరకు ఐదు గ్రేడ్లు ఉంటాయి. మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు రెండూ లేకపోతే ఎ. అక్కడ స్పర్శ మిగిలి ఉందంటే అది చాలా మంచి కబురు. మార్పు మొదటి 3 నుంచి 6 నెలల్లో ఎక్కువగా కనబడుతుంది, ఆ తర్వాత కూడా ఏడాది, ఏడాదిన్నర దాకా నెమ్మదిగా సాగుతుంది.

మాధవి_ఫిజియో
నేను ఫిజియోథెరపిస్టుని. చేతుల గురించి మాత్రం చెప్తాను. పైకి లేపేటప్పుడు చేతులు పట్టి గానీ, చంకల కింద పట్టి గానీ లాగకండి. కండ బలం లేని భుజం కీలు కిందికి జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వ్యాయామానికి అడ్డుపడుతుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. మణికట్టు పైకెత్తితే వేళ్లు వాటంతటవే కాస్త ముడుచుకుంటాయి. వేళ్లలో బలం రాకపోయినా, మణికట్టు లేస్తే చాలు, ఆ ముడుపుతోనే గ్లాసు, చెంచా పట్టుకోవడం నేర్పుతాం. ఇంట్లోవాళ్లు ప్రేమ కొద్దీ మణికట్టునీ వేళ్లనీ కలిపి వెనక్కి బాగా సాగదీస్తే ఆ పట్టు పోతుంది. వేళ్లు చాపేటప్పుడు మణికట్టు కిందికి వంచి ఉంచాలి. మణికట్టు ఎత్తేటప్పుడు వేళ్లు ముడిచి ఉంచాలి. మీ థెరపిస్టుని ఒకసారి మీ చేత చేయించి చూడమనండి.

ప్రశాంతి_ఎస్
సుధా, అందరూ నడక గురించే అడుగుతారు. చర్మం గురించి ఎవరూ అడగరు. నన్నడిగితే మొదటి శత్రువు బెడ్‌సోర్, అంటే ఒకే చోట ఒత్తిడి పడి వచ్చే పుండు.

మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. కుర్చీలో కూర్చోబెట్టాక 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకో పక్కకో వంచి బరువు తప్పించాలి. మేం పొద్దునా రాత్రీ ఫోన్ టార్చి వేసి మరీ చూసేవాళ్లం: నడుం కింద వెన్ను చివరి ఎముక దగ్గర, తుంటి పక్కల, మడమలు, తల వెనక. ఎర్రగా కనబడితే వేలితో నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే పుండు మొదలైనట్టే. దాని మీద బరువు పడనివ్వకూడదు, రుద్దకూడదు. చామనఛాయ చర్మం మీద ఎరుపు తెలియకపోవచ్చు. అప్పుడు చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉందేమో తాకి చూడాలి. దిండు మడమ కింద కాకుండా పిక్క కింద పెడితే మడమ గాల్లో ఉంటుంది. మధ్యలో చిల్లున్న గాలి రింగు ఎవరైనా ఇచ్చినా వాడకండి, అంచుల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. స్పర్శ లేని చోట వేడినీళ్ల కాపడం అసలు వద్దు, కాలినా ఆయనకి తెలియదు.

1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ వెన్నుపాము విభాగం మొదలుపెట్టేనాటికి ఇలాంటి రోగుల్లో చాలామంది పుండ్లతో, మూత్రం ఇన్ఫెక్షన్లతోనే పోయేవారట. ఆయన పట్టుబట్టి చేయించిన పనుల్లో ముఖ్యమైనది ఈ రెండు గంటల లెక్కే. 1948లో అక్కడే వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకి విలువిద్య పోటీ పెట్టారు, పారాలింపిక్స్‌కి మూలం అదే. అర్ధరాత్రి అలారం మోగినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవారు.

సుధ_చిన్నమ్మాయి
అందరికీ చాలా థాంక్స్ అండి. గ్రేడ్ అడిగాను, సి అన్నారు, అంటే దెబ్బ కింద కొంత కదలిక మిగిలి ఉంది కానీ బలం తక్కువ. ఇంకో రెండు విషయాల్లో నలిగిపోతున్నాను. "ఇంటికెళ్లేసరికి నడుస్తానా" అని నాన్న రోజూ అడుగుతున్నారు. నెలలో నడుస్తావని చెప్పేయమంటాడు అన్నయ్య. నాకు నోరు రావట్లేదు. రెండోది, మూత్రం గొట్టం దగ్గరికి నన్ను రానివ్వట్లేదు. కూతురివి, నువ్వెందుకు చూస్తావు అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు.

కిరణ్77
మీ అన్నయ్య చెప్పిందే కరెక్ట్ అనిపిస్తోంది. మా నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ తర్వాత చాన్నాళ్లు ఫిజియో అంటేనే మొహం తిప్పుకున్నారు. ముందు మనిషికి ధైర్యం కావాలి కదా.

వీల్‌చైర్_మాస్టారు
కిరణ్ బాబూ, మీ బాధ అర్థమైంది. కానీ నేను ఆ మంచం మీద పడుకున్నవాణ్ణి, అందుకని చెప్తున్నాను. నాకూ పిల్లలు "వచ్చే నెలకల్లా" అనేవారు. ఆ నెల వచ్చి వెళ్లింది. ఆ తర్వాత వాళ్లు నిజం చెప్పినా నమ్మబుద్ధి కాలేదు. వాళ్లు నా ముందు నవ్వి, తలుపు అవతల గుసగుసలాడుతుంటే లోపల నేను ఊహించుకున్నది అసలు సంగతి కంటే ఘోరంగా ఉండేది.

అమ్మా సుధా, "నడుస్తారో లేదో డాక్టర్లకే ఇంకా తెలియదు నాన్నా. ఈ వారం మోచేయి వంచడం మీద పని చేస్తున్నారు" అని చెప్పు. అబద్ధం లేదు, ఆశా పోలేదు. ఆయన ఏడిస్తే ఏడవనీ. అన్నం నిద్ర మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా రోజులు గడిపేస్తుంటే మాత్రం డాక్టర్‌కి చెప్పాలి. దిగులుకీ మందు ఉంది.

గొట్టం సంగతి ఆయన్నే నిర్ణయించనీ. మగ నర్సో, మీ అన్నయ్యో, మీ అమ్మో, ఎవరు చేస్తే ఇబ్బంది లేదో అడుగు. ఒంటి మీద అధికారం పోయినవాడికి ఆ ఒక్క ప్రశ్న ఎంత పెద్దదో నాకు తెలుసు. మా అమ్మాయి ప్రతిసారీ దుప్పటి తీసే ముందు "తీయనా నాన్నా" అని అడిగేది. బిల్లులు, బ్యాంకు పనులు కూడా నన్నడిగే చేసేవారు. డాక్టర్ మీతో మాట్లాడుతుంటే "నాన్నగారికే చెప్పండి" అని ఆయన వైపు తిప్పు. తినిపించేటప్పుడు తొందరపడకు. చెయ్యి సగం దూరం లేస్తే ఆ సగం ఆయన్ని లేపనివ్వు.

వేణు_బి
మూత్రం గురించి: లోపలే ఉంచే గొట్టాన్ని జీవితాంతం అలాగే ఉంచాల్సిన అవసరం రాకపోవచ్చు. చాలామందికి 4 నుంచి 6 గంటలకోసారి శుభ్రమైన గొట్టం పెట్టి ఖాళీ చేసి తీసేసే పద్ధతి నేర్పుతారు. ఒక్కోసారికి 500 మి.లీ. దాటకుండా నీళ్ల లెక్క చూసుకోవాలి. చేతులు రాకపోతే వేరేవాళ్లు చేయాలి కాబట్టి, అది ఎవరో డిశ్చార్జికి ముందే తేల్చుకుని ఆస్పత్రిలోనే నేర్చుకోండి. విరేచనానికి రోజూ ఒకే టైము పెట్టండి. తిన్న 20, 30 నిమిషాలకి పేగు సహజంగానే కదులుతుంది, అప్పుడు కూర్చోబెడితే తేలిక.

స్టెమ్ సెల్స్‌తో (మూలకణాలతో) నడిపిస్తామని ఫోన్లు వస్తాయి. వెన్నుపాముని బాగు చేస్తుందని రుజువైన స్టెమ్ సెల్ చికిత్స ఇప్పటిదాకా లేదు. ఆ డబ్బు ఫిజియోకి, మంచి పరుపుకి, కుర్చీ కుషన్‌కి పెట్టండి.

రామకృష్ణ_కె
ప్రాణం మీదకి వచ్చేది ఒకటి మిగిలింది. వెన్నుపాములో ఛాతీ మధ్య ఎత్తున టి6 అనే చోటు ఉంటుంది. అక్కడ గానీ అంతకంటే పైన గానీ దెబ్బ తగిలినవాళ్లకి బీపీ ఉన్నట్టుండి పెరిగిపోవచ్చు. తలనొప్పి పగిలిపోతుంది, మొహం ఎర్రబడి చెమటలు పడతాయి. దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, మూత్రం గొట్టం మెలిపడిందేమో, మూసుకుపోయిందేమో చూడండి. ఎక్కువసార్లు కారణం నిండిన మూత్రాశయమే, తర్వాత మలబద్ధకం. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. వీళ్లకి మామూలుగా బీపీ తక్కువే ఉంటుంది కాబట్టి 140 చూసి "పర్లేదు" అనేవాళ్లుంటారు. నాన్నగారి రోజువారీ బీపీ, ఈ జబ్బు పేరు ఒక కార్డు మీద రాసి దగ్గర పెట్టండి. మామూలు కంటే 20, 40 పెరిగినా ఆయనకి ప్రమాదమే అని అందులో రాయండి.

సుధ_చిన్నమ్మాయి
మాస్టారూ, మీరు చెప్పినట్టే చెప్పాను. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మోచేయి అన్నావుగా, ఎంత వంగాలి" అని అడిగారు. గొట్టం పని అన్నయ్య నేర్చుకుంటే చాలన్నారు, అన్నయ్య రేపటి నుంచి నర్సు దగ్గర నేర్చుకుంటాడు. డిశ్చార్జి గురించి మాటలు మొదలయ్యాయి. ఇంట్లో ముందు ఏం సర్దాలి?

ప్రశాంతి_ఎస్
టేపు పట్టుకుని బాత్‌రూమ్ తలుపు కొలువు సుధా. కుర్చీ పట్టాలంటే 32 అంగుళాలైనా ఖాళీ ఉండాలి, తిరగడానికి ఐదడుగులు కావాలి. కొలతలు రాసి ఆక్యుపేషనల్ థెరపిస్టుకి (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేవారికి) చూపించాకే కుర్చీ కొనండి. మంచం ఎత్తు కుర్చీ సీటుతో సమానంగా ఉంటే మార్చేటప్పుడు ఎవరి నడుమూ పట్టేయదు. రాత్రి పక్క మార్చే వంతులు ఇప్పుడే పంచుకోండి, అన్నీ నీ మీద వేసుకోకు.