కంచు అంటే బ్రాంజేనా? ‘కంచు మ్రోగునట్లు’ మీద ఒక సందేహం

ప్రశ్న: వేమన పద్యంలో ‘కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా’ అన్న పాదానికి పిల్లల కోసం అర్థం రాస్తున్నాను. కంచు పక్కన ‘బ్రాంజ్’ అని రాస్తే సరిపోతుందా? పేపర్లలో కాంస్య పతకం అంటారే గానీ కంచు పతకం అని ఎవరూ అనరు. ఇంకోటి, బంగారు నాణెం బండ మీద వేస్తే ఖంగుమంటుంది కదా. మరి కనకం మోగదని ఎలా అన్నాడు?

జవాబు: పుట్టుకలో రెండూ ఒకే మాట. సంస్కృత కాంస్యానికి తద్భవమే కంచు. హంస ‘అంచ’ అయినట్టు కంసం ‘కంచం’ అయింది. స్టీలు కంచం అంటున్నాం గానీ అందులో కంచు నక్కే ఉంది! ఆ లోహం పని చేసేవాడు కంచరి.

వాడుకలో మాత్రం దారులు వేరయ్యాయి. తెలుగువాడికి కంచు అంటే గంటలు పోసే లోహం: నూటికి 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. ఇంగ్లీషు బ్రాంజ్ అంత ఇరుకు మాట కాదు. విగ్రహాలకు పోసే గన్‌మెటల్ కూడా బ్రాంజే, అందులో రాగి 85, తగరం, సీసం, జింకు తలా 5. పది రూపాయల బిళ్ల బయటి చుట్టు అల్యూమినియం బ్రాంజ్, అందులో తగరమే లేదు. దాన్ని ‘అల్యూమినియం కంచు’ అని అనువదిస్తే కంచరి నవ్వుతాడు. టోక్యో ఒలింపిక్స్‌లో సింధు గెలిచిన ‘కాంస్య’ పతకం సంగతి ఇంకా తమాషా. ఆ పతకాలు 95 పాళ్లు రాగి, 5 పాళ్లు జింకు. రాగిలో జింకు కలిస్తే మన లెక్కలో అది ఇత్తడి.

మరొకరు: నాణెం సంగతి నేను చెబుతాను. పద్యంలో అన్నది కనకం, అంటే మేలిమి. మేలిమి బంగారం మెత్తన. దెబ్బ తగిలితే ఆ కదలికను తనలోనే మింగేస్తుంది, అందుకే ‘తప్’మని ఆగిపోతుంది. నాణేనికి వాడేది సాధారణంగా 22 క్యారెట్లు, వెయ్యికి 916 పాళ్లు బంగారం, మిగతాది రాగో వెండో. పైగా అచ్చు దెబ్బకి ఇంకా గట్టిపడుతుంది. మోగేది ఆ గట్టితనం. కవి తప్పేమీ చెప్పలేదు.

అన్నట్టు, అక్కడ ‘బంగారు’ అని పెట్టలేడు. ఆటవెలది మూడో పాదంలో నాలుగో గణం దగ్గర యతి పడాలి. ‘కం’కి ‘క’ కుదిరింది.

ఇంకొకరు: ఇత్తడి గంట కూడా మోగుతుందండీ. ఇప్పుడు పూజ గంటలు చాలావరకు ఇత్తడివే. మోతని బట్టి కంచని ఎలా చెప్తారు?

జవాబు: మోగుతుంది, కానీ నిలవదు. చూసే పద్ధతి ఉంది. గిన్నెని మూడు వేళ్ల కొసల మీద నిలబెట్టండి. అంచు పట్టుకుంటే మోత చచ్చిపోతుంది. చెక్క గరిటెతో అంచు మీద ఒక్క దెబ్బ వేయండి. కంచైతే మోత సాగి సాగి సన్నగిల్లుతుంది, ఇత్తడైతే టంగుమని త్వరగా ఆగుతుంది. ఒకే సైజు, ఒకే మందం ఉన్నవి పక్కపక్కన పెట్టి పోల్చండి, లేకపోతే మోసపోతారు. జిర్రుమంటే వెంట్రుకవాసి బీట ఉన్నట్టు. బరువుతో తేల్చలేరు, రెండింటి సాంద్రతా దగ్గర దగ్గరే. అడుగున ఆకురాయితో గీస్తే ఇత్తడి పచ్చగా, కంచు కాస్త పాలిపోయి కనిపిస్తుంది. కిందపడితే మాత్రం అనుమానమే ఉండదు: ఇత్తడికి సొట్ట పడుతుంది, కంచు పగులుతుంది.

ఆ పెళుసుతనమే కంచరి పనిని కష్టం చేసేది. చల్లగా ఉన్న కంచు మీద సుత్తి వేస్తే బీటలే. ఎర్రగా కాల్చి, సుమారు 600 నుంచి 750 డిగ్రీల మధ్య సాగగొట్టాలి. ఎరుపు తగ్గగానే ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. ఆఖర్న ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచుతారు. విచిత్రం ఇక్కడే ఉంది. కమ్మరి ఉక్కుని నీట ముంచితే పెళుసెక్కుతుంది, కంచరి కంచుని ముంచితే పెళుసు తగ్గుతుంది. నెమ్మదిగా చల్లారనిస్తే లోపల రాగి, తగరం కలిసి గాజులాంటి పెళుసు పలుకులు కడతాయి. నీట ముంచితే వాటికి ఆ వ్యవధి దొరకదు.

పగిలిన కంచు పాత్రకి మాటు వేయించినా పాత మోత రాదు. కరిగించి మళ్లీ పోయాల్సిందే. ముందు రాగి కరిగాక, పైన బొగ్గు కప్పి, చివర్న తగరం వేస్తారు. ముందే వేస్తే కాలి బూడిదవుతుంది. ఇత్తడిలో జింకుతో ఇంకా జాగ్రత్త: అది 907 డిగ్రీలకే మరుగుతుంది, రాగి కరగడానికి 1085 కావాలి. తెల్లటి పొగ లేచిందంటే జింకు పోతున్నట్టే. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

అడిగినవారు: అయితే ‘కంచు: రాగి, తగరం కలిపిన, గంటలు పోసే లోహం’ అని రాస్తాను. బ్రాంజ్ తీసేస్తున్నాను.

జవాబు: బాగుంది. కానీ తగరం అంటే పిల్లలు డబ్బా రేకు అనుకుంటారు. ఆ రేకు ఇనుమే, తగరం పైపూత మాత్రమే. పక్కన ‘గిన్నెలకు కళాయి పూసే లోహం’ అని ఒక ముక్క కలపండి.