చేతులకి సన్‌స్క్రీన్ రాయాలా, కొబ్బరినూనె చాలదా?

పెరటిమల్లె: నాకు 44 ఏళ్ళు. రోజూ స్కూటీ మీద బడికి వెళ్తాను. ముఖానికి చున్నీ కట్టుకుంటాను, చేతుల్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు గాజుల పైన ఒక రంగు, కింద ఒక రంగు. మచ్చలు, ముడతలు కూడా మొదలయ్యాయి. సన్‌స్క్రీన్ రాయమని మా చెల్లి అంటోంది. అదంతా కంపెనీల వ్యాపారం, కొబ్బరినూనె చాలంటారు మా అత్తగారు. మీరేమంటారు?

కొబ్బరితోట: నాదీ మీ అత్తగారి మాటే. గిన్నెలు తోమి, బట్టలు ఉతికే చేతుల మీద ఆ క్రీము ఎంతసేపు నిలుస్తుంది? రాత్రిపూట నూనె రాసుకోండి. మచ్చలకి నిమ్మచెక్క రుద్దండి.

ఎండమావి: నిమ్మచెక్క మాత్రం వద్దండీ, దయచేసి. నేను రుద్దుకుని డాబా మీద వడియాలు పెట్టాను. రెండు రోజుల్లో బొబ్బలు, తర్వాత నెలల తరబడి నల్లటి చారలు. నిమ్మరసం అంటిన చోట ఎండ తగిలితే చర్మం కాలినట్టు అవుతుందని డాక్టరు చెప్పాకే తెలిసింది.

నూనె పొడిబారకుండా చూస్తుంది, ఎండని ఆపదు. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 55 ఏళ్ళలోపు వాళ్ళు 903 మందిని నాలుగున్నరేళ్ళు గమనించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. పరిశోధకులు అచ్చు తీసి చూసింది ముఖాన్ని కాదు, ఎడమ చేతి వెనక చర్మాన్ని! రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్ళలో, తోచినప్పుడు రాసినవాళ్ళ కంటే చర్మం 24 శాతం తక్కువ ముదిరింది.

కొబ్బరితోట: వాళ్ళది ఎక్కువగా తెల్లటి చర్మం. ఆ లెక్క మనకెలా సరిపోతుంది?

ఎండమావి: మంచి ప్రశ్న. మనకీ అదే శాతం అని నేను అనను. మనకి ముడతలు ఆలస్యంగానే వస్తాయి, కానీ మచ్చలు, నలుపు తొందరగా పడతాయి. కడిగితే క్రీము పోతుందన్న మీ మాటా నిజమే. అందుకే పెరటిమల్లె గారూ, బండి మీద మోచేతి దాకా కాటన్ గ్లౌజులు వేసుకోండి. బడిలో కిటికీ పక్కన కూర్చుంటే మాత్రం క్రీము రాయండి, ముడతలు తెచ్చే కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయి.

పెరటిమల్లె: గ్లౌజులు ఈ రోజే కొంటాను. మరి ఉన్న మచ్చలకి? మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు.

మందులచీటి: అక్కా, నేను ఫార్మసిస్టుని. దాని మీద మొమెటాసోన్, బెటామెథసోన్, క్లోబెటసాల్, వీటిలో ఏది ఉన్నా ఆపేయండి. అవి స్టెరాయిడ్లు. మొదట్లో తెల్లబడినట్టే ఉంటుంది, నెలల తరబడి రాస్తే అసలే పలచనైన చర్మం ఇంకా పలచబడి నరాలు తేలతాయి. మచ్చలకి, ముడతలకి రాసే ట్రెటినోయిన్ అనే మందు అయినా డాక్టరు రాస్తేనే వాడాలి, గర్భిణులు అసలు వాడకూడదు. ఆ ట్యూబు పట్టుకుని ఒకసారి చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.